వృద్ధిరేటులో మా అక్క వాటా

దేశం నిరుటికంటే ఎంత పెరిగిందో పొద్దున్నే చెప్పడం మా ఉద్యోగం. దానికి ఆఫీసులో పదహారుమంది మనుషులం, రెండు ఏసీలు, ఒక సలోమి మేడమ్. ఏసీల్లో ఒకటి నేను చేరినప్పటి నుంచీ పనిచెయ్యలేదు. దేశం మాత్రం రోజూ పెరిగేది.

విజయవాడ మొగల్రాజపురంలో కింద టైర్ల షాపు, పైన మా ప్రయోగశాల. బోర్డు మీద శ్రమ గణన కేంద్రం అని ఉంటుంది. టైర్లకొచ్చినవాళ్ళు పొరపాటున మెట్లెక్కి గాలి పడతారా అని అడిగిన రోజులున్నాయి. నా పేరు హైమావతి, వయసు నలభై ఏడు. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళకి జవాబు చెప్పడం ఎప్పుడో మానేశాను. క్షేత్ర విభాగంలో సీనియర్ పరిశీలకురాలిని. అంటే ఎండలో తిరిగి, తలుపులు కొట్టి, తీసినవాళ్ళ చేత మాటలు పడే పని.

మా డైరెక్టర్ సలోమి మేడమ్ మమ్మల్నందర్నీ పిలిచి టేబుల్ మీద మూడు కాగితాలు పరిచిన రోజు నాకు బాగా గుర్తుంది. మొదటిది జాతీయ ఆదాయ లెక్కలు. దేశంలో ఏం తయారైందో ఒక పక్క, ఎవరు దేనికెంత ఖర్చుపెట్టారో ఇంకో పక్క. రెండూ సమానం కావాలి, ఎప్పుడూ కావు. అందుకని అడుగున ‘తేడాలు’ అని ఒక వరస పెట్టి, మిగిలిందంతా అందులో పడేస్తారు. రెండో కాగితం స్టాక్ మార్కెట్ సూచీ. మూడోది ఖాళీ కాగితం.

“లెక్కలు నిజమే చెప్తాయి. కానీ రెణ్ణెల్లు ఆలస్యంగా చెప్తాయి, చెప్పాక మూడుసార్లు దిద్దుకుంటాయి,” అన్నారు మేడమ్. “మార్కెట్ అప్పటికప్పుడు చెప్తుంది. కానీ అది చెప్పేది జరిగింది కాదు, జరగాలని కోరుకుంటున్నది. ఈ రెంటికీ మధ్య ముప్పయ్యేళ్ళుగా ఒక గుంట పూడకుండా ఉంది. ఆ గుంటలో ఏముందో నాకు కావాలి.”

“ఏముంటాది మేడమ్, ఆడోళ్ళుంటారు,” అన్నాడు వెనకనుంచి పెంచలయ్య. నెల్లూరు జిల్లా మనిషి, నాకంటే ఆరేళ్ళు సీనియర్. ప్రతి మీటింగులోనూ ఏదో ఒకటి అనకపోతే ఆయనకి తిన్నది అరగదు. మేమంతా నవ్వాం. మేడమ్ మాత్రం నవ్వలేదు. ఆ ఖాళీ కాగితం మీద ఏదో రాసుకున్నారు.

రెండేళ్ళ తర్వాత కడియం తయారైంది. సన్నటి స్టీలు కడియం, రెండు మట్టిగాజులంత బరువు కూడా ఉండదు. ఒంట్లోంచి పోయే వేడిని, నాడిని, చేతి కదలికని కలిపి ఆ మనిషి ఎంత అలిసిందో చెప్తుంది. ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు పెడితే ఎక్కడో ఒక వంటింట్లో పొయ్యి గంట ముందు వెలుగుతుంది. ఆర్డర్లు పడిపోతే ఆ క్యారేజీ కట్టే పని ఆగిపోతుంది. ఆ గంట ఏ లెక్కలోనూ లేదు. దేశం మొత్తం మీద రెండువేల నాలుగొందల ఇళ్ళు ఎంచి, ఊరూరా ఉన్న మా పరిశీలకుల చేత ఇంటికొక ఆడమనిషికి కడియం తొడిగిస్తే, ఒక్కో ఇల్లూ లక్షా నాలుగువేల ఇళ్ళకి సాక్ష్యం. ఆ అలసటని మార్కెట్ సూచీ పక్కన పెట్టి లెక్కకడితే దేశం వృద్ధిరేటు, శాతంలో, ఒక అంకెగా వస్తుంది. దాన్ని మేము ‘పొద్దుటి అంకె’ అనేవాళ్ళం. తొమ్మిదింటికి మేము అది బయటపెడతాం, తొమ్మిదింబావుకి మార్కెట్ తెరుస్తారు.

మొదటి మూడు నెలల అంకె మేము ఏడు పాయింట్ ఒకటి అన్నాం. రెణ్ణెల్ల తర్వాత జాతీయ లెక్కలొచ్చాయి. ఏడు పాయింట్ ఒకటి. ఆఫీసులో అందరూ చప్పట్లు కొట్టారు. సలోమి మేడమ్ చెప్పులు విడిచి కుర్చీలో కూర్చుండిపోయారు. అరవై ఏళ్ళ మనిషి, ఆ రోజు ఏడ్చారేమో కూడా, నేను సరిగ్గా చూళ్ళేదు.

ఇక నేను చేసిన వెధవపని.

సర్వేల్లో ఒక పద్ధతుంది. ఎంచిన ఇల్లు తాళం వేసి ఉంటే మూడుసార్లు వెళ్ళాలి. అప్పటికీ దొరక్కపోతే జాబితాలో దాని కిందున్న బదులు ఇంటికి వెళ్ళాలి. సింగ్ నగర్‌లో నాలుగొందల పదిహేడో నంబరు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. మొదటి బదులు ఇంట్లో అత్తగారు గుమ్మంలోనే నిలబెట్టి, “మా కోడలికి సంకెళ్ళేస్తావా?” అంది. రెండో ఇంట్లో కుక్కని వదిలారు. జాబితా అయిపోయింది. మర్నాడు పొద్దున్నే నంబర్లన్నీ ఢిల్లీలో మా పై ఆఫీసుకి పోవాలి. కాళ్ళు లాగేస్తున్నాయి. నాలుగు వీధులవతల మా ఇల్లు. వెళ్ళి కడియం మా అక్క చేతికి తొడిగేశాను. కాగితం మీద మాత్రం 417 అనే రాశాను.

మా అక్క పేరు సామ్రాజ్యం. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. నాకు పదేళ్ళప్పుడు అమ్మ పోయింది. అక్కకొచ్చిన ఒక్క మంచి సంబంధంవాళ్ళు చెల్లెల్ని వెంట తెస్తే కుదరదన్నారు. అక్క, “అయితే కుదరదు,” అని లోపలికెళ్ళి పొయ్యి మీద పప్పు చూసుకుందట. ఆ కథ నాకు పక్కింటావిడ చెప్పింది, అక్క ఎప్పుడూ చెప్పలేదు.

“ఇదేంటే, పెళ్ళి చెయ్యకుండానే కంకణం కడుతున్నావు?” అంది కడియం చూసుకుని.

“రోజూ చేసేదే చేస్కో అక్కా. దీనికోసం ఏం మార్చొద్దు.”

“నేను చేసేది ఎవరిక్కావాలే?”

“దేశానికి.”

“అలాగా. రేపు ఇడ్లీల్లోకి చట్నీ ఏం చెయ్యమంటుందో కూడా కనుక్కునిరా.”

వారం తిరక్కుండా ఆవిడకి ఆ అంకె మీద మమకారం పుట్టింది. పొద్దున్నే టీవీలో చూసేది. సాయంత్రం నేను చెప్పులు విడవకముందే, “ఇవాళ మనం బానే వచ్చాంగా?” అనేది. దేశాన్ని ఆవిడ ఎప్పుడూ ‘మనం’ అనే అంది.

ఆఫీసులో నా తెర మీద ప్రతి ఇంటికీ ఒక గీత కనిపిస్తుంది. 417 గీత చూసినప్పుడల్లా నాకు ఇబ్బందిగా ఉండేది. ఐదూ పదికి లేస్తుంది. మంచినీళ్ళ పంపు, వాకిలి, పిండి, నా క్యారేజీ, బట్టలు, పక్కింటి పాపని బడినుంచి తేవడం, మళ్ళీ వంట. రోజుకి పదమూడున్నర గంటలు నిలబడే ఉంటుంది. ముప్పై ఏడేళ్ళుగా ఆవిడ చేతి వంట తింటున్న నాకు ఆ సంగతి ఆఫీసు తెర చెప్తే గానీ తెలియలేదు. సిగ్గేసింది. ఆ సాయంత్రం నా కంచం నేనే కడిగాను. మర్నాడు మర్చిపోయాను.

రెండో ఏడు ఎండాకాలం వెళ్ళాక అక్కకి ఆయాసం మొదలైంది. పంపు దగ్గర బిందె ఎత్తుకుని గుమ్మం దాకా వచ్చేసరికి గోడ పట్టుకునేది. జూలై అయిదున బలవంతాన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. గుండెలో ఒక కవాటం పాడైంది. చిన్నప్పుడెప్పుడో వచ్చిన జ్వరం చేసిన పని అట.

“ఇన్నాళ్ళు ఎలా తిరిగారమ్మా?” అన్నాడు డాక్టరు.

“తిరక్కపోతే పనెలా అయిద్ది?” అంది అక్క.

ఆపరేషన్ ఇరవయ్యారున పెట్టారు. అప్పటిదాకా మంచం దిగొద్దన్నారు. బాత్రూముకి తప్ప లేవకూడదు, బరువు ముట్టకూడదు. ఆపరేషన్ మా సంస్థ హెల్త్ కార్డు మీద అవుతుంది. పెళ్ళికాని ఉద్యోగులు తోబుట్టువుని చేర్చుకోవచ్చని మా కార్డులో ఒక రూలుంది. ఉద్యోగం ఉన్నంతకాలమే కార్డు.

ఇంకో రూలు కూడా ఉంది. ఏ కడియం అంకె అయినా వరసగా మూడు రోజులు సగానికి పడిపోతే ఢిల్లీనుంచి తనిఖీ వాళ్ళు, కడియం పంపే జాడ పట్టుకుని, అది ఉన్న ఇంటికి వస్తారు. వస్తే తలుపు తీసేది నేనే. ఆ రోజే సస్పెన్షన్, ఆ రోజే కార్డు రద్దు. పోనీ ముందే వెళ్ళి నేనే చెప్పేద్దామంటే, పద్దెనిమిదో తారీఖున సలోమి మేడమ్ జాతీయ కమిటీ ముందు కూర్చోబోతున్నారు. రెండేళ్ళ అంకెలు చూపించి, మా పొద్దుటి అంకెని ప్రభుత్వ లెక్కగా ఒప్పించాలి. ఆవిడ జీవితమంతా ఆ ఒక్క రోజుకే బతికినట్టు తిరుగుతున్నారు. అప్పుడు వెళ్ళి ‘మేడమ్, మీ ఇళ్ళల్లో ఒకటి దొంగది’ అని ఎలా చెప్పను? కమిటీ అయ్యాక చెప్దామనుకున్నాను. పదమూడు రోజులేగా అనుకున్నాను.

ముందు కడియం నేనే తొడుక్కున్నాను. ఆదివారం నాడు ఇంటిపని మొత్తం చేశాను. పిండి రుబ్బితే చీర మీద పడింది, పంపు దగ్గర నా వంతు పోయింది, మధ్యాహ్నానికి నడుం పట్టేసింది. మంచం మీద కూర్చుని అక్క నవ్వి నవ్వి దగ్గింది. సోమవారం ఆఫీసుకెళ్తే నా తెర మీదే ఎర్రచుక్క కనిపించింది: 417, మనిషి మారారు. కడియానికి నాడి తెలుసు. బ్యాటరీ లోపం అని రాసి ఆ చుక్క తుడిచేశాను. కడియం మళ్ళీ అక్క చేతికే తొడిగాను.

అప్పుడు అక్కే ఒక ఉపాయం చెప్పింది.

“వరసగా మూడ్రోజులు పడిపోతేనేగా వాళ్ళొచ్చేది? రెండ్రోజులు పడుకుని మూడోరోజు లేస్తే?”

ఇరవై రెండేళ్ళు సర్వేల్లో పండిపోయిన నాకు ఆ ఉపాయం బాగుందనిపించింది. అది చెప్పుకోవాలంటే ఇప్పుడు నోరు రావడం లేదు. గుండె జబ్బు మనిషి మాట కాకుండా నిబంధనలో ఉన్న సందు కనిపించింది నాకు. కాగితం తీసుకుని ఏ రోజు పడుకోవాలో ఏ రోజు లేవాలో గీతలు గీసి, మంచం పక్కన గోడకి అంటించాను కూడా.

కాగితం మీద ఉన్నట్టు అక్క ఒక్క రోజు కూడా చెయ్యలేదు. పడుకోవాల్సిన రోజున మెల్లగా లేచి చింతపండు గింజలు తీసేది, బియ్యం ఏరేది. లేవాల్సిన రోజున ఇక చూడు, నాలుగున్నరకే లేచేది. తెర మీద గీత చూసి నేను ఆఫీసునుంచి ఫోన్ చేసేదాన్ని.

“అక్కా, ఇంక చాలు. పడుకో.”

“నేను పడుకుంటే లక్ష ఇళ్ళు పడుకున్నట్టంటగా. నువ్వేగా చెప్పావ్. పొద్దున అంకె కాస్త తగ్గింది, చూళ్ళేదా?”

“అది నీ వల్ల కాదక్కా.”

“ఎవరికివాళ్ళు నా వల్ల కాదనుకుంటే ఎలాగే? రేపు పడుకుంటాలే.”

నాకు కోపం వచ్చింది. మొండిమనిషి అని ఫోన్ పెట్టేశాను. కోపం ఆవిడ మీద కాదని నాకు అప్పుడే తెలుసు.

పదహారో తారీఖు పొద్దున అక్క పెదాలు నీలంగా ఉన్నాయి. క్యారేజీ కట్టి గుమ్మం దాకా తెచ్చి ఇచ్చింది. దాన్ని తీసుకుని బస్సెక్కాను గానీ ఆఫీసులో తెర ముందు కూర్చోలేకపోయాను. పెంచలయ్యని మెట్ల మీదకి పిలిచి మొత్తం చెప్పేశాను.

ఆయన బీడీ వెలిగించబోయి ఆగాడు. “ఏందమ్మా హైమావతమ్మా, ఇంతేనా? 466 ఎవురనుకుంటుండావు? మా ఇంటామె.”

“మీ ఇంట్లోనా?”

“మా ఇంట్లో. గూడూరు పిలగాడు వాళ్ళమ్మకి ఏసినాడు. తెనాలి ఆమె వాళ్ళత్తకి. తలుపు తియ్యనోళ్ళు తియ్యకపాయె, రేపటికల్లా అంకె రావాలనె. మరి యాడ పెట్టాల ఆ కడియాలు? నా నెత్తినా?”

ఇన్నాళ్ళూ ఆ తప్పు నేనొక్కదాన్నే చేశానని కుమిలిపోతున్నాను. తిన్నగా మేడమ్ గదిలోకి వెళ్ళాను.

సలోమి మేడమ్ కమిటీకి చూపించే పటాలు సర్దుకుంటున్నారు. నేను నిలబడే చెప్పాను. అక్క సంగతి, కవాటం సంగతి, గోడ మీద గీసిన కాగితం సంగతి కూడా.

“కూర్చో,” అన్నారు చివరికి. కంప్యూటర్ నా వైపు తిప్పారు. మా కోస్తా ఇళ్ళు వందా, కడియాల జాడని బట్టి, మ్యాపు మీద చుక్కలుగా ఉన్నాయి. “నెల్లూరులో మన ఉద్యోగులుండే వీధి ఇది. ఎన్ని చుక్కలున్నాయో చూడు. కోస్తాలో వందకి ముప్పయ్యైదు మీ ఇళ్ళే. మిగతా రాష్ట్రాల్లోనూ ఇంతే. నాకు ఏడాదినుంచీ తెలుసమ్మా.”

“మరి ఆపలేదేంటి మేడమ్?”

“సరిపోయింది కాబట్టి.” ఆవిడ కళ్ళద్దాలు తీసి కళ్ళు నలుపుకున్నారు. “దశాంశంతో సహా సరిపోయింది. తప్పుడు ఇళ్ళతో లెక్కగడితే అంకె తప్పాలి. తప్పలేదు. అంటే ఏంటి? ఏ ఇంట్లో పెట్టినా ఒకటే వస్తోంది. పెద్దింట్లో పెట్టినా, గుడిసెలో పెట్టినా, మీ అక్కకి పెట్టినా. ఆ మాట పేపర్‌లో రాద్దామని ఎన్నిసార్లు కూర్చున్నానో. ధైర్యం చాల్లేదు. రాస్తే ఈ అంకె ఎవరూ నమ్మరు. నమ్మకపోతే ఆ ఆడవాళ్ళ గంటలు మళ్ళీ ‘తేడాలు’ వరసలోకే పోతాయి.”

కింద టైరుకి గాలి పడుతున్నారు.

“మీ అక్కని పడుకోబెట్టు,” అన్నారు మేడమ్. “417కి నిన్నటి అంకే రోజూ వేస్తాను.”

అంకె రాని చోట ముందు రోజుది మళ్ళీ వెయ్యడం మా వృత్తిలో పాత అలవాటే. పాత అంకెని మోసుకెళ్ళడం అంటాం. ఆవిడ నాలుగు మీటలు నొక్కారు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. పదకొండు రోజులుగా నేను అడగనిది అదీ. అడిగి ఉంటే మొదటి రోజే చేసేవారు. నేనే అడగలేదు.

మధ్యాహ్నం రెండింటికి ఇంటికి చేరాను. అక్క వంటింట్లో పీట మీద కూర్చుని గోంగూర వలుస్తోంది. చెయ్యి పట్టుకుని, చిన్న తాళంచెవితో కడియం తీశాను. మణికట్టు చుట్టూ తెల్లటి చార పడింది.

“అదేంటే, తీసేస్తే ఎలా? అంకె పడిపోదూ?”

“పడదు. మా మేడమ్ నీ నిన్నటి అంకే రోజూ వేస్తానంది. నువ్వు మంచం దిగకపోయినా నీ అంకె నడుస్తూ ఉంటుంది.”

అక్క చేతిలో గోంగూర కట్టతో నా వంక అలాగే చూసింది. కోపం లేదు, అలసట ఉంది.

“అయితే ఇన్నాళ్ళూ నేను దేనికే లేచింది?”

గోంగూర లాక్కుని నేను వలవడం మొదలుపెట్టాను. ఆవిడ గోడ పట్టుకుని వెళ్ళి మంచం మీద పడుకుంది.

తర్వాత మూడు రోజులు సెలవు పెట్టాను. ఆ మూడు రోజులే మా ఇంట్లో అక్క పగలు పడుకోవడం నేను చూసింది. ఉప్మాలో ఉప్పు రెండుసార్లు వేశాను. “బానే ఉంది, సముద్రస్నానం చేసినట్టుంది,” అంది. పప్పులోకి తాలింపు ఎప్పుడు వెయ్యాలో మంచం మీదనుంచి చెప్పింది. మేమిద్దరం మా అమ్మ గురించి, అక్క చదువు మానేసిన ఏడాది గురించి, ఆ వెనక్కి పోయిన సంబంధం గురించి కూడా మాట్లాడుకున్నాం. “అతనికి పళ్ళు ఎత్తులే,” అంది అక్క. “నువ్వు లేకపోయినా వద్దనేదాన్ని.” అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. పద్దెనిమిదో తారీఖు సాయంత్రం పెంచలయ్య ఫోన్ చేసి, కమిటీ మన అంకెని ఒప్పుకుందని చెప్పాడు. అక్కకి చెప్తే, “పోన్లే, ఆవిడ కష్టం ఊరికే పోలేదు,” అని సంతోషించింది.

పందొమ్మిదో తారీఖు మధ్యాహ్నం, తాగడానికి వేణ్ణీళ్ళు కావాలంది. నేను గిన్నె పొయ్యి మీద పెట్టి వచ్చేసరికి పక్కకి తిరిగి ఉంది. పిలిచాను. భుజం పట్టుకుని కదిపాను. అంబులెన్స్ వచ్చేదాకా కూడా ఆగలేదు. ఆపరేషన్‌కి ఇంకా ఏడు రోజులుంది.

నేనే చంపానని అనుకోవద్దని అందరూ అన్నారు. డాక్టరు కూడా అన్నాడు, ఎలాగైనా కష్టమేనమ్మా అని. నాకు తెలిసింది ఒక్కటే. పదకొండు రోజులు ఆవిడ మంచం మీద ఉండాల్సింది, లేదు. ఆ పదకొండు రోజుల గీతలు నా తెర మీద ఉన్నాయి.

కర్మలు అయ్యాక ఆగస్టు రెండున ఆఫీసుకి వెళ్ళాను. తెర తెరవగానే 417 కనిపించింది. ఉదయం నాలుగున్నరకి లేచింది. పద్నాలుగు గంటల పది నిమిషాలు నిలబడింది. నిన్నా అంతే, మొన్నా అంతే. పోయిన రోజు కూడా పద్నాలుగు గంటల పది నిమిషాలు పనిచేసింది. దేశం ఏడు పాయింట్ నాలుగు ఒకటి పెరిగింది.

సొరుగులోంచి మరణం ఫారం తీశాను. ఆ ఫారం నింపితే అంకె సున్నా అవుతుంది. కానీ మనిషి పేరు, ఇంటి అసలు నంబరు, ఉద్యోగితో సంబంధం అన్నీ రాయాలి.

పెంచలయ్య నా భుజం మీదుగా చూశాడు. “వదిలెయ్యమ్మా. దానిమానాన అది నడస్తా ఉంటాది. ఎవురికి నష్టం?”

“పద్నాలుగు గంటలు నిలబడుతోంది పెంచలయ్య గారూ. చనిపోయాక కూడా.”

“అది అంకె తల్లీ.”

“ఇంతకు ముందు కూడా అంకే అన్నాం.”

ఆయన కిటికీ దగ్గరికెళ్ళి వాళ్ళావిడకి ఫోన్ చేసి, అన్నం తిన్నావా అని అడిగాడు. అవతల ఆవిడ ఏమందో, “ఊరికేనే, అడక్కూడదా?” అన్నాడు.

ఫారం నింపాను. పేరు, సామ్రాజ్యం. వయసు, యాభై తొమ్మిది. సంబంధం, అక్క. పని అన్న గడి దగ్గర చెయ్యి ఆగింది. ఇరవై రెండేళ్ళుగా ఇంట్లో ఉండే ప్రతి ఆడమనిషికీ ఆ గడిలో ‘ఏమీ లేదు’ అని రాసింది నేనే, కొన్ని వేలసార్లు. ఈసారి పంపు దగ్గరనుంచి మొదలుపెట్టి వరసగా రాశాను. గడి చాల్లేదు, కాగితం వెనక్కి తిప్పి కూడా రాశాను.

సలోమి మేడమ్ రెండు వైపులా చదివారు.

“నీ ఉద్యోగం పోతుంది హైమావతీ.”

“తెలుసు మేడమ్. ఇప్పుడు నాకు కార్డు అక్కర్లేదు.”

“నాదీ పోవచ్చు. తనిఖీకి వస్తే ఒక్క ఇంటితో ఆగరు.”

“క్షమించండి మేడమ్.”

“ఎందుకులే. నేనూ బాగా అలిసిపోయాను.” సంతకం పెట్టి, తారీఖు వేసి, కాగితం నాకిచ్చేశారు. “కంప్యూటర్‌లో నువ్వే ఎక్కించు.”

ఎక్కించాను. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి అంకె వచ్చింది. ఏడు పాయింట్ నాలుగు సున్నా. ఒక్క వందో వంతు తగ్గింది. నేను ఊరికే కూర్చోలేక కిందికి దిగి, టైర్ల షాపు పక్కన టీ కొట్టు దగ్గర నిలబడ్డాను. అక్కడ గోడకి చిన్న టీవీ ఉంది. తొమ్మిదింబావుకి మార్కెట్ తెరిచారు. సూచీ నలభై పాయింట్లు పడింది. టై కట్టుకున్నతను ఒకడు తెర మీదకి వచ్చి, కంగారు పడాల్సిందేం లేదన్నాడు. మదుపర్లు లాభాలు తీసుకుంటున్నారు, ఇవాళ్టి ఈ స్వల్ప తగ్గుదలకి అదే కారణమన్నాడు.

“అది కాదు. మా అక్క చనిపోయింది,” అన్నాను.

గట్టిగానే అన్నానేమో, టీ కొట్టతను నా వైపు తిరిగాడు. స్టవ్ మంట తగ్గించి, చేతులు తువ్వాలుకి తుడుచుకున్నాడు.

“ఎప్పుడమ్మా?” అని అడిగాడు.